మంగళవారం గడ్డం

పర్శరాములు ముఖానికి పెట్టిన మాస్కు కింది నుంచి గాలి పోతూనే ఉంది. సైకిలు ట్యూబుకు ముల్లు దిగితే వచ్చే చప్పుడు. కోడలు సునీత మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని మాస్కు పట్టీని ఇంకాస్త బిగించింది. చప్పుడు కుడి దవడ నుంచి ఎడమ దవడకు మారింది తప్ప ఆగలేదు.

వరంగల్ కొత్తవాడలో నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన మనిషి పర్శరాములు. నేసినంత కాలం నూలు దుమ్ము పీల్చాడు. ఆ దుమ్మంతా ఎక్కడికి పోయిందో ఈ ఏడు తెలిసింది. చెడు గాలిని బయటికి నెట్టే బలం ఊపిరితిత్తులకు లేదని, అది లోపల పేరుకుంటే మనిషికి మత్తు కమ్ముతుందని, ఆ మత్తును నిద్ర అనుకోవద్దని దవాఖానలో చెప్పారు. పన్నెండు రోజులు ఉంచుకుని ఆదివారం ఇంటికి పంపారు. వెంట కిరాయికి ఒక మిషను ఇచ్చారు. అది మాస్కులోంచి గాలిని నెడుతుంది. మాస్కు ముఖానికి అతుక్కుని ఉన్నంతసేపే దాని పని. అతుక్కోకుండా అడ్డుపడుతున్నది రెండు వారాల గడ్డం.

మిషను చూసుకునే కుర్రవాడు ఉదయ్ ఫోన్ చేశాడు.

"అక్కా, లీకు ఎంత చూపిస్తాంది?"

"అరవై నాలుగు."

"ఇరవై నాలుగు దాటొద్దక్కా. గడ్డం తీసిండ్రా లేదా?"

"కత్తెరతోని కత్తిరించినం."

"కత్తిరిస్తె కాదు. ముండ్లు ముండ్లుగ ఉంటె సందుల్ల నుంచి గాలి పోతది. చెంప నున్నగ ఉండాలె, అద్దం లెక్క. వేలికి పెట్టిన క్లిప్పుల ఆక్సిజన్ ఎంత చూపిస్తాంది?"

"ఎనభై నాలుగు."

"రెండు గంటలకు డాక్టర్ సారు రౌండుకు వస్తడు. అప్పటికి ఎనభై ఎనిమిది మీద నిలవకపోతె తీస్కరమ్మన్నడు. గొంతుల పైపు ఏస్తరట."

ఫోను స్పీకరులో ఉంది. పర్శరాములు కళ్లు తెరిచి కోడలి వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం సునీతకు ఒక్కదానికే తెలుసు. దవాఖానలో పక్క మంచం మీది ముసలాయనకు పైపు వేశారు. ఆయన మళ్లీ మాట్లాడలేదు. ఐదోనాడు గుడ్డ కప్పి తీసుకుపోయారు. ఆ పొద్దే పర్శరాములు మాస్కు పక్కకు జరిపి, కోడలి చెయ్యి పట్టుకుని, "నాకు పైపు ఏపియ్యకు బిడ్డా" అన్నాడు. కొడుకుతో అనలేదు, భార్యతో అనలేదు. ఎందుకు తనతోనే అన్నాడో సునీతకు తెలియదు. సరేనని తల ఊపింది.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. మంగళవారం. ఊళ్లో ఒక్క సెలూను తెరవదు.

పొద్దున ఎనిమిదింటికే భర్త విజయ్‌కుమార్ బండి తీసుకుని మనిషిని వెతకడానికి పోయాడు. ఇప్పుడు ఆయన ఫోన్ వచ్చింది.

"మన సెలూను పండరి తొర్రూరుల పెండ్లికి పోయిండట. చౌరస్తా దాక అన్ని షట్టర్లు బందే. ఒకాయన ఇంటికాడ దొరికిండు. మంగళారమైనా సరే వస్తనన్నడు. రక్తం పలచబడే గోలీలు ఏస్కుంటడని చెప్పంగనే, నా చేతుల ఏమన్న అయితె ఎట్లనే అన్నా అని లోపలికి పోయిండు."

"చెప్పకపోతిరి."

"చెప్పకుంట ఎట్ల తీస్కొస్త సునీతా? మడికొండ దిక్కు ఇంకొకాయన ఉన్నడట, పోతాన. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఫికర్ చెయ్యకుండా ఉండడానికి లేదు. పొద్దున ఏడింటికే ఆమె ఒకసారి ప్రయత్నం చేసింది. స్నానం సబ్బు చేతితో రుద్ది, కిరాణా కొట్లో తెచ్చిన రేజరు కుడి దవడ కింద పెట్టి ఒక్క గీత గీసింది. చర్మం వదులు, నురుగు లేదు, బ్లేడు పట్టేసింది. చిన్న గాటే. కానీ రక్తం అరగంట ఆగలేదు. పటిక పెట్టి, దూది పెట్టి నొక్కి పట్టుకుంటే ఆగింది. తర్వాత మూల మీది దుకాణం నుంచి నురుగు డబ్బా తెచ్చింది. అరచేతిలోకి ఒత్తగానే ఇల్లంతా అత్తరు కొట్టినట్టయింది. ఆ వాసనకు పర్శరాములు దగ్గీ దగ్గీ నీలం తిరిగాడు. క్లిప్పు మీద అంకె డెబ్బై తొమ్మిదికి పడింది. డబ్బాను వాకిట్లోకి విసిరేసింది.

ఇక మిగిలింది ఆయన సొంత సామానే. వాసన లేని గుండ్రటి సబ్బు, స్టీలు గిన్నె, పంది వెంట్రుకల బ్రష్. చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ఆయన సెలూనుకు పోతున్నాడు. మూడేళ్లుగా ఆ సామాను ఇనుప పెట్టెలోనే ఉంది.

అత్త విమలమ్మ పెట్టె తెరిచి, పాత జాకెట్టు ముక్కలో చుట్టిన బ్రష్‌ను తీసి కోడలి చేతిలో పెట్టింది. "షోలాపూర్ల కొన్నడు, నూలు తేను పోయినప్పుడు. ఒక్క ఎంటిక గూడ ఊడలే, సూడు."

నిజమే. చెక్క పిడి రంగు పోయింది కానీ వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయి.

సునీత మగ్గులో నీళ్లు పోసి బ్రష్ ముంచింది. సబ్బు మీద గిరగిర తిప్పింది. మామ మాస్కు తీసి, చెంప మీద రుద్దింది. తెల్లటి నీళ్లు వచ్చాయి. రెండు బుడగలు లేచి, ఆమె చూస్తుండగానే పగిలి, మెడ మీదుగా బనీనులోకి కారిపోయాయి. మళ్లీ ముంచింది, మళ్లీ తిప్పింది. మళ్లీ అవే నీళ్లు.

"గట్ల బియ్యం కడిగినట్టు కడిగితె నురుగు వస్తదా?" అంది విమలమ్మ. "తాలు గాలికి పోయినట్టు పోతాంది. ఒత్తి తిప్పు."

ఒత్తి తిప్పింది. సబ్బు అరిగింది. నురుగు రాలేదు.

మాస్కు మళ్లీ పెట్టింది. మాస్కు లేకుండా రెండు మూడు నిమిషాల కన్నా ఉంచొద్దని ఉదయ్ చెప్పాడు. పెట్టగానే చప్పుడు మొదలు. ఎనభై మూడు.

బోరు నీళ్లు గట్టివి, వాటిలో పప్పు కూడా ఉడకదు. అదేనేమో అనుకుని సునీత తాగే నీళ్ల క్యాను వంచి గిన్నెలో పోసింది. ఈసారి కాస్త పాలపొంగులా లేచింది. చెంపకు తగలగానే పొంగు కూలిపోయింది.

మంచం మీది నుంచి పర్శరాములు చెయ్యి లేపాడు. మగ్గం అమ్మేసిన తర్వాత ఆరేళ్లు ఆయన మడికొండ షెడ్డులో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేశాడు. ఆ మోతలో మాట వినపడదు. అక్కడి వాళ్లంతా సైగలతోనే ముచ్చట పెట్టుకుంటారు, తిట్టుకుంటారు, పందేలు కూడా కాస్తారు. ఇప్పుడు మాస్కు కింద ఆ సైగలే ఆయనకు నోరయ్యాయి. రెండు వేళ్ల కొసలు కలిపి చూపించాడు. నీళ్లు కొంచెం. తర్వాత మణికట్టు విదిలించాడు. బ్రష్ దులుపు. అరచేతి మీద వేలితో సున్నాలు చుట్టాడు, నిదానంగా, చాలాసేపు.

సునీత అట్లాగే చేసింది. దులిపి, అరచేతిలో నిదానంగా వంద చుట్లు తిప్పింది. జిగట జిగటగా ఏదో అంటుకుంది తప్ప అది నురుగు కాదు.

ఆయన చెయ్యి చాపి బ్రష్ అడిగాడు. వణికే వేళ్లతో దాని కొసలు నొక్కి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో చెప్పబోయాడు. అంతలోనే రెప్పలు బరువెక్కాయి, బ్రష్ దుప్పటి మీద పడింది, తల పక్కకు వాలింది.

"ఇగో," అంది విమలమ్మ. ఆయన కదల్లేదు. "ఇగో, నిన్నే." ఆమె కాళ్ల దగ్గరికి పోయి అరికాలు మీద చరిచింది. "నిద్రలే మా తండ్రి. పండుకోను పొద్దుపోలే ఇంక."

ఆయన కళ్లు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియనట్టు పైకప్పు చూశాడు. ఎనభై రెండు.

సునీతకు ఏడవాలనిపించింది. ఏడిస్తే రేజరు పట్టుకునే చెయ్యి వణుకుతుందని మానుకుంది. దుప్పటి మీది బ్రష్ తీసుకుని కిటికీ వెలుతురుకు పోయింది. ఇప్పటిదాకా దానితో కొట్లాడింది కానీ దాన్ని చూడలేదు.

మగ్గులో ముంచి తీసింది. నీళ్లు వెంట్రుకల్లోకి దిగడం లేదు. చేమ ఆకు మీద పడ్డట్టు చిన్న చిన్న పూసలై దొర్లి జారిపోతున్నాయి. ఇన్నిసార్లు ముంచినా లోపలి వెంట్రుకలు పొడిగానే ఉన్నాయి. మగ్గులోకి చూసింది. నీళ్ల మీద గుండ్రటి కళ్లు తేలుతున్నాయి, చారు మీద పోపు తేలినట్టు. బ్రష్ ముక్కు దగ్గర పెట్టుకుంది. కొబ్బరి నూనె.

"అత్తా, దీనికి నూనె పెట్టిండ్రా?"

"పెట్టక?" విమలమ్మ గొంతులో గర్వమే ఉంది. "సుక్కురారం సుక్కురారం పెట్టిన. మూడేండ్లాయె, ఒక్క వారం తప్పలే."

విమలమ్మ పుట్టింట్లో పడుగు సాపి గంజి పెట్టేవాళ్లు. వాడకట్టు పొడవునా నూలు పరిచి, గంజిని కుంచెతో దువ్వాలి. మూరెడు పొడవు, రెండు చేతులతో పట్టుకునేంత కుంచె. పని అయిపోయాక దాన్ని కడిగి, ఆరబెట్టి, నూనె రాసి చుట్టి పెట్టడం ఆడపిల్లల పని. నూనె పెట్టకపోతే కొసలు విరుగుతాయి, విరిగిన కొస నూలును తెంపుతుంది. తాత కుంచె తండ్రికి, తండ్రి కుంచె కొడుక్కు వచ్చేది. ఆ ఇంట్లో పెరిగిన మనిషికి ఏ కుంచెనైనా ఎండబెట్టి వదిలెయ్యడం చేతకాదు. మొగుడు మళ్లీ ఎప్పుడో ఒకనాడు తన గడ్డం తానే గీసుకుంటాడని మూడేళ్లుగా ఆమె మనసులో ఉందేమో, అది ఎవరితోనూ అనలేదు.

సునీత మగ్గును వెలుతురులో పట్టుకుని ఉండిపోయిన తీరు చూసి విమలమ్మకే అర్థమైంది.

"నూనె ఉంటె నురుగు రాదా?"

సునీత అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనుకుంది. "రాదత్తా."

విమలమ్మ పెట్టె మీద కూలబడింది. "నెత్తికి నూనె పెట్టుకుని సబ్బు రుద్దితె నురుగు వస్తదా? ఆడిదాన్నయ్యుండి గిది నాకు తెల్వలే. పొద్దటి సంది నిన్ను అంటాన, బియ్యం కడుగుతానవని."

మంచం కిర్రుమంది. పర్శరాములు భుజాలు కదులుతున్నాయి. దగ్గనుకుని సునీత ఉరికింది. దగ్గు కాదు. ఆయన నవ్వుతున్నాడు. భార్య వైపు వేలు చూపించి, తన నెత్తి మీద నూనె రాసుకుంటున్నట్టు సైగ చేసి నవ్వుతున్నాడు.

"నవ్వకు," అంది విమలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నవ్వితె పాణం పోతది. నీ సంబురం తగలెయ్య."

నవ్వుకు ఒక అంకె పోయింది. ఎనభై ఒకటి.

గిన్నెలు కడిగే సబ్బు నీళ్లతో కడుగుదామంది సునీత. దాంట్లో నిమ్మకాయ వాసన, మళ్లీ దగ్గు. అప్పటికే విమలమ్మ లేచి వంటింట్లోకి పోయింది. "కొత్త పడుగు పెట్టెటప్పుడు కుంచె నూనె తియ్యకపోతె గంజి పట్టదు. శనగపిండి, గోరెచ్చటి నీళ్లు. గదైతె నాకు ఎరుకనే."

ఇద్దరూ వంటింటి గట్టు దగ్గర నిలబడ్డారు. విమలమ్మ పిండిని వెంట్రుకల మొదళ్లలోకి వేళ్లతో దూర్చి పిసికింది, పసిపిల్లకు తల రుద్దినట్టు. సునీత నీళ్లు పోసింది. మొదటి నీళ్లు పసుపుగా, జిడ్డుగా పోయాయి. రెండోసారి కాస్త తేలిక. మూడోసారి మగ్గులో నీళ్ల మీద కళ్లు లేవు. నాలుగోసారి అనుమానానికి కడిగారు. విమలమ్మ మోచేతులదాకా పిండి. చేతులు ఆగలేదు కానీ నోరు మాత్రం మూసుకుపోయింది. గది లోపలి నుంచి మాస్కు చప్పుడు వినపడుతూనే ఉంది.

పన్నెండు దాటింది. సునీత బ్రష్‌ను వెంటనే సబ్బు మీద పెట్టబోతే పర్శరాములు చెయ్యి అడ్డం పెట్టాడు. వేడి నీళ్ల గిన్నె చూపించి, అందులో ముంచి ఉంచమని సైగ చేసి, పది వేళ్లు విప్పాడు.

"పది నిమిషాలా?" విమలమ్మకు మాట వచ్చింది. "నీకాడ పది నిమిషాలు యాడున్నయి?"

ఆయన మళ్లీ పది వేళ్లు చూపించాడు.

ఆ పది నిమిషాలూ సునీత గడియారాన్ని, క్లిప్పును, గిన్నెను చూస్తూ కూర్చుంది. ఎనభై రెండు. ఎనభై ఒకటి. మామ రెప్పలు వాలినప్పుడల్లా అత్త అరికాలు గిల్లుతోంది. విజయ్‌కుమార్ ఫోన్ చేసి మడికొండ ఆయన కూడా ఊళ్లో లేడని, ఇంకో ఇద్దరిని అడిగి వస్తానని చెప్పాడు. సునీత "ఊఁ" అని పెట్టేసింది. గిన్నెలో బిరుసు వెంట్రుకలు ఒక్కొక్కటే మెత్తబడి, కొసలు విచ్చుకుని, నీళ్లు తాగి లావయ్యాయి. తొమ్మిదో నిమిషంలో ఆమె దాన్ని తీసింది. ఆ ఒక్క నిమిషం ఆగడం ఆమె వల్ల కాలేదు.

దులిపింది. సబ్బు మీద పెట్టి తిప్పింది. మొదట ఏమీ లేదు. ఇరవై చుట్లు, ముప్పై చుట్లు. నలభైకి సబ్బు మీద వెన్నలాంటి పేస్టు కనపడింది. పర్శరాములు రెండు వేళ్ల కొసలు కలిపాడు. వేలు ముంచి ఒక్క చుక్క వేసింది. తిప్పింది. ఇంకో చుక్క. పేస్టు లేచింది. తెల్లగా, మందంగా, బ్రష్ ఎత్తితే పెరుగు మీగడలా కొస నిలబడింది. కూలిపోలేదు.

విమలమ్మ మొగుడి చెంప తుడిచి మాస్కు తీసింది. సునీత చెయ్యి గాలిలో ఆగింది. ఆరేళ్ల కాపురంలో ఆమె మామ ఎదుట కుర్చీలో కూర్చోలేదు. పన్నెండు రోజుల దవాఖానలో చెయ్యి పట్టుకుంది, వీపు తుడిచింది, కానీ ముఖం వేరు.

"పెట్టు బిడ్డా," అంది విమలమ్మ. "నా కండ్లకు పొరలు లేకపోతె నేనే పెడుదును."

పెట్టింది. నురుగు చెంప మీద నిలిచింది. ముండ్లలాంటి వెంట్రుకలన్నీ దాని కింద మునిగిపోయాయి. విమలమ్మ బొటనవేలితో చర్మాన్ని చెవి వైపు లాగి బిగించి పట్టుకుంది. వదులు దారం మీద పని చెయ్యొద్దని ఆ చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సునీత రేజరు ఆనించి కిందికి దించింది. బ్లేడు పట్టలేదు, జారింది. వెనక నున్నటి దారి మిగిలింది. రక్తం లేదు.

అరచేతి మేర గీకడం, తుడవడం, మాస్కు పెట్టడం, అంకె లేచేదాకా ఆగడం. మళ్లీ తీయడం. ఎడమ చెంప, మీసం కింద, గదువ, కుడి చెంప. ఏడు విడతలు పట్టింది. ప్రతి విడతకూ నురుగు కొత్తగా లేపింది.

"పెండ్లినాడు గూడ ఇంతసేపు గీకలే నిన్ను," అంది విమలమ్మ. ఆయన కనురెప్పతో నవ్వాడు.

చివరికి కుడి దవడ కింద పొద్దున్నటి గాటు మిగిలింది. నల్లటి చెక్కు కట్టి ఉంది. దాని చుట్టూ వేలెడు మేర గడ్డం. రేజరు అంచు ఆ చెక్కుకు తగిలితే మళ్లీ అరగంట రక్తం. ఒకటీ ఇరవై అయింది. సునీత రేజరు కింద పెట్టింది.

"అయ్యిందా?"

"ఇంతకన్న నాతోని కాదత్తా."

మాస్కు పెట్టి పట్టీలు బిగించారు. చుట్టూ చప్పుడు లేదు. ఆ ఒక్కచోట మాత్రం సన్నగా ఈల. మిషను మీద ముప్పై నాలుగు. దూది మడత పెట్టింది, ఊపిరి తేమకు తడిసి జారింది. గుడ్డ పెట్టింది, పట్టీ లేచిపోయి ఇంకోచోట ఈల మొదలైంది. ఎనభై మూడు దగ్గర అంకె ఆగిపోయింది.

సునీత మంచం పట్టె మీద, మామ పక్కనే కూర్చుంది. మాస్కు అంచు మీద, గాటుకు తగలకుండా, తన బొటనవేలు పెట్టి నొక్కింది. ఈల ఆగింది.

ఇరవై ఆరు. ఇరవై ఒకటి. పద్దెనిమిది.

పర్శరాములు రొమ్ము మిషనుతో పాటు నిండుగా లేచింది, దిగింది. చాలాసేపు క్లిప్పు మీద అంకె కదల్లేదు. తర్వాత ఎనభై నాలుగు. ఎనభై నాలుగే. ఎనభై ఐదు. సునీత వేలు తిమ్మిరెక్కింది, తర్వాత మంటెత్తింది, తర్వాత ఆ వేలు తనది కానట్టే అయింది. తీస్తే ఏమవుతుందోనని ఒకసారి కొద్దిగా సడలించింది. ఈల వచ్చింది. వెంటనే నొక్కింది. ఎనభై ఏడు.

ఒకటీ యాభైకి ఎనభై ఎనిమిది. మళ్లీ ఎనభై ఏడు. మళ్లీ ఎనభై ఎనిమిది. ఈసారి పోలేదు.

విమలమ్మ కోడలి వేలి కొస తెల్లబడడం చూస్తూనే ఉంది. చేతుల మీద ఎండిపోయిన శనగపిండిని కొంగుకు తుడుచుకుని, మంచం అవతలి వైపు వంగి, తన బొటనవేలును సునీత వేలి పక్కనే ఆనించింది. "నువ్వు తియ్యి. నేను పడుత."

"మీతోని కాదత్తా, గట్టిగ నొక్కాలె."

"నొక్కుత."

సునీత వేలు మెల్లగా జరిపింది. అత్త వేలు ఆ చోటికి జరిగింది. నడుమ ఒక్కసారి సుయ్యిమంది, ఆగిపోయింది. విమలమ్మ రెప్ప వెయ్యకుండా ఆ చోటునే చూస్తూ కూర్చుంది. పొరలు కమ్మిన కళ్లకు ఏమి కనపడుతోందో గాని.

ఫోన్ మోగింది. సునీత ఎడమ చేత్తో ఎత్తింది.

"అక్కా, ఆటో మాట్లాడుకున్నరా?" ఉదయ్ గొంతు. "సారు అడుగుతాండు."

"ఎనభై ఎనిమిది ఉన్నది తమ్మీ. లీకు పద్దెనిమిది."

"నిజమా? గడ్డం మొత్తం తీసిండ్రా అయితె?"

సునీత మంచం వైపు చూసింది.

"మొత్తం కాలే," అంది. "మిగిలింది చెయ్యితోని పట్టుకున్నం."